డీఆర్ కాపీ నిజంగా లేస్తుందా? రెప్లికేషన్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: రెండు డేటా సెంటర్లలోని పెద్ద స్టోరేజ్ బాక్సుల మధ్య రెప్లికేషన్ పెట్టడం, అంటే అసలు సైట్‌లో (ప్రైమరీలో) రాసిన డేటాను, అది పోతే ఆదుకునే రెండో సైట్‌కు (డీఆర్, అంటే డిజాస్టర్ రికవరీ) ఎప్పటికప్పుడు కాపీ చేయడం. అందుకని ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. కంపెనీని బట్టి పేర్లు మారతాయి. డెల్ ఈఎంసీ వాళ్లది ఎస్‌ఆర్‌డీఎఫ్, హిటాచీది ట్రూకాపీ, యూనివర్సల్ రెప్లికేటర్, ఐబీఎంది మెట్రో మిర్రర్, గ్లోబల్ మిర్రర్, నెట్‌యాప్‌ది స్నాప్‌మిర్రర్. లోపల జరిగే పని చాలావరకు ఒకటే కాబట్టి ఏ బాక్స్ ఉన్నవాళ్లకైనా ఈ జవాబులు పనికొస్తాయి.

ప్రశ్న: మా రెండు సైట్ల మధ్య ఫైబర్ దారి 120 కి.మీ. రెండు చోట్లా ఒకే కంపెనీ ఫ్లాష్ స్టోరేజ్. పైవాళ్లు "ఒక్క లావాదేవీ కూడా పోకూడదు, సింక్ పెట్టండి" అంటున్నారు. మా డీబీఏ (డేటాబేస్ చూసుకునే అతను) మాత్రం అప్లికేషన్ పడుకుంటుందని గొడవ చేస్తున్నాడు. ఎవరి మాట వినాలండీ?

ముందు డీబీఏ మాట వినండి. ఆ తర్వాత పైవాళ్లను ఒక ప్రశ్న అడగండి, అదేంటో కిందికి వచ్చాక చెబుతాను.

సింక్ పద్ధతిలో సర్వర్ చేసిన ప్రతి రైట్ (డేటా రాత) అవతలి బాక్స్ క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) కూడా పడి, అక్కడి నుంచి అందినట్టు కబురు తిరిగొచ్చాకే సర్వర్‌కు ఓకే వెళ్తుంది. ఫైబర్‌లో కాంతికి ఒక కి.మీ. దాటడానికి సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే మీ 120 కి.మీ. పోయి రావడానికి 1.2 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన బాక్స్ కొన్నా ఈ అంకె తగ్గదు. పైగా ఫైబర్ ఛానెల్‌లో (స్టోరేజ్ కోసం వాడే నెట్‌వర్క్‌లో) మామూలు రైట్ ఒక్క రౌండ్‌లో అయిపోదు: ముందు కమాండ్ వెళ్లాలి, "సిద్ధంగా ఉన్నా, పంపు" అని జవాబు రావాలి, అప్పుడు డేటా వెళ్లాలి, చివర్లో స్టేటస్ రావాలి. అంటే రెండు రౌండ్లు, 2.4 మిల్లీసెకన్లు. దీన్ని ఒక్క రౌండ్‌కు తగ్గించే సదుపాయం కొన్ని స్టోరేజ్‌లలో, కొన్ని స్విచ్‌లలో ఉంటుంది, మీ దాంట్లో ఉందో లేదో వెండర్‌ను కచ్చితంగా అడగండి.

ఇప్పుడు ఇక్కడే రాస్తే అర మిల్లీసెకను పట్టే రైట్ దగ్గర దగ్గర 3 మిల్లీసెకన్లు అవుతుంది. స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి ఇది తెలియను కూడా తెలియదు. తెలిసేది రాత్రిపూట గుత్తగా నడిచే బ్యాచ్ పనులకి. ఒక్కో రికార్డుకూ కమిట్ (ఇక ఖాయం అని డిస్క్ మీద రాయించడం) కొట్టుకుంటూ 10 లక్షల రికార్డులు నడిపే జాబ్ ఉందనుకోండి, కమిట్ దగ్గర ఆగడానికే ఇప్పుడు 8 నిమిషాలకు పైన పడుతుంటే, సింక్ పెట్టాక 50 నిమిషాలు పడుతుంది. అలాంటి జాబులు నాలుగు ఒకదాని వెనక ఒకటి ఉంటే తెల్లారేసరికి ఆఫీసు తెరిచే టైమ్ దాటిపోతుంది. మీ డీబీఏ భయం ఇదే, అందులో నూటికి నూరు పాళ్లు న్యాయం ఉంది. కమిట్లను వెయ్యేసి రికార్డులకు ఒకటిగా మార్చగలిగితే ఈ బాధ చాలావరకు పోతుంది, కానీ ఆ పని అప్లికేషన్ వాళ్లు చేయాలి, స్టోరేజ్ వాళ్ల చేతిలో లేదు.

ఇక పైవాళ్లను అడగాల్సిన ప్రశ్న: "రెండు సైట్ల మధ్య లింక్ తెగిపోతే ప్రొడక్షన్ ఆపేయాలా, నడవనివ్వాలా?" ఒక్క లావాదేవీ కూడా పోకూడదంటే లింక్ లేనప్పుడు రాయడానికి వీల్లేదు, అంటే అప్లికేషన్ ఆగాలి. నడవనిస్తే ఆ సమయంలో రాసిందంతా ఒక్క చోటే ఉంటుంది, అప్పుడే ప్రైమరీ సైట్ పోతే అది పోయినట్టే. హిటాచీలో దీన్ని ఫెన్స్ లెవెల్ అంటారు, "డేటా" అని పెడితే రైట్లు ఆగుతాయి, "నెవర్" అని పెడితే సాగుతాయి. ఎస్‌ఆర్‌డీఎఫ్‌లో ఆపేసే సెట్టింగ్ పేరు డొమినో. చాలా చోట్ల సింక్ అని పేరుకు పెట్టి, నడవనిచ్చే సెట్టింగ్‌తోనే వదిలేస్తారు. పైవాళ్లేమో సున్నా నష్టం ఖాయమైపోయిందని అనుకుంటారు. రెండిట్లో ఏది తప్పని నేను అనను, కానీ ఆ నిర్ణయం వ్యాపారం చూసేవాళ్లది. వాళ్లతో మెయిల్‌లో రాయించుకోండి.

నన్నడిగితే, ఈ దూరానికి ముందు అసింక్ (సర్వర్‌కు వెంటనే ఓకే ఇచ్చి, డేటాను ఆ తర్వాత అవతలికి పంపే పద్ధతి) పెట్టి, కొన్ని సెకన్ల నష్టం చాలా, లేదా నిజంగా సున్నానే కావాలా అని తేల్చుకోమంటాను. సున్నానే కావాలంటే అసలు బ్యాచ్‌ను సింక్‌లో ఒక రాత్రి నడిపి చూడండి, ఎక్సెల్ లెక్కలు చూసి ఒప్పుకోవద్దు. ఇంకో మాట, ఒకదాని మీద ఒకటి ఆధారపడే డేటాబేసుల్లో ఒకటి సింక్‌లో, ఇంకొకటి అసింక్‌లో పెట్టకండి. డీఆర్‌లో లేపినప్పుడు ఒకటి ఇప్పటి స్థితిలో, ఇంకొకటి కాసేపటి కిందటి స్థితిలో ఉంటాయి, వాటి మధ్య లెక్కలు కుదరవు.

ప్రశ్న: బ్యాకప్ రిపోర్ట్ ప్రకారం మా దగ్గర రోజుకు సుమారు 830 జీబీ డేటా మారుతుంది. దాన్ని 24 గంటలకు భాగిస్తే 77 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది బిట్లకు ఒక బైటు) వస్తోంది, కాబట్టి అసింక్‌కు 100 ఎంబీపీఎస్ లింక్ చాలని మా నెట్‌వర్క్ టీమ్ అంటోంది. సరిపోతుందా?

సరిపోదు. భాగహారం సరిగ్గానే ఉంది, కానీ మీ సర్వర్లు రోజంతా ఒకే వేగంతో రాయవు కదా.

ఆ 830 జీబీలో రోజులో రెండు గంటలు సెకనుకు 60 ఎంబీ, మిగతా 22 గంటలు సెకనుకు 5 ఎంబీ రాస్తారనుకుందాం, మొత్తం 828 జీబీ అవుతుంది. 100 ఎంబీపీఎస్ లింక్ ఎంత శుభ్రంగా పనిచేసినా సెకనుకు 12.5 ఎంబీ కంటే మోయలేదు. పీక్‌లో సెకనుకు 47.5 ఎంబీ చొప్పున వెనకబడుతూ రెండు గంటలయ్యేసరికి 342 జీబీ పేరుకుపోతుంది. ఆ క్షణంలో ప్రైమరీ పోతే డీఆర్‌లో ఉన్న డేటా 95 నిమిషాల కిందటిది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది: పీక్ అయిపోయాక కూడా ల్యాగ్ (డీఆర్ కాపీ వెనకబాటు) పెరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే పీక్‌లో చివర రాసిన రైట్ ఆ 342 జీబీ వెనక వరుసలో నిలబడి ఉంది, అది అవతలికి చేరడానికి ఇంకా ఏడున్నర గంటలకు పైగా పడుతుంది. అది చేరేదాకా డీఆర్ కాపీ పీక్ ముగియక ముందు స్థితిలోనే ఉంటుంది. పేరుకున్నదంతా పూర్తిగా ఖాళీ కావడానికి దాదాపు 12 గంటల 40 నిమిషాలు. మీ వాళ్లు ఆర్పీఓ (మహా అయితే ఎంతసేపటి డేటా పోవచ్చనే హద్దు) 15 నిమిషాలని కాగితం మీద రాసుకుని ఉంటే, రోజులో ఎక్కువ భాగం అది అబద్ధమే.

ఇంకో చిక్కు, పేరుకున్న డేటా ఎక్కడో ఒకచోట నిలవ ఉండాలి. జర్నల్ పద్ధతిలో (రైట్లను వరుసగా ఒకచోట రాసిపెట్టి పంపే పద్ధతిలో) నడిచే బాక్సుల్లో జర్నల్ వాల్యూమ్‌లో 342 జీబీకి చోటు లేకపోతే అది నిండి పెయిర్ (రెండు వైపులా ఉన్న జంట వాల్యూమ్‌లు) సస్పెండ్ అవుతుంది, అంటే కాపీ ఆగిపోతుంది, ఆ తర్వాత రీసింక్ (రెండిటినీ మళ్లీ కలపడం), దాని టెన్షన్ వేరే.

బ్యాకప్ రిపోర్ట్‌ను నమ్మకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక బ్లాక్‌ను రోజులో వందసార్లు తిరగరాసినా బ్యాకప్ లెక్కలో అది ఒక్క బ్లాకే. జర్నల్ పద్ధతిలో ఆ వంద రైట్లూ వరుసగా లింక్ మీద వెళ్తాయి. సైకిళ్లుగానో (కొంతసేపటి రైట్లు ఒక దఫాగా), స్నాప్‌షాట్ల (ఒక క్షణం నాటి స్థితిని పట్టి ఉంచే కాపీల) మధ్య తేడాగానో పంపే బాక్సుల్లో ఒక సైకిల్‌లో ఎన్నిసార్లు రాసినా చివరి రాత ఒక్కటే వెళ్తుంది కాబట్టి లింక్ మీద భారం తగ్గుతుంది. కానీ అక్కడ ఆర్పీఓ లెక్క వేరు: 15 నిమిషాలకోసారి స్నాప్‌షాట్ అంటే నష్టం 15 నిమిషాలే అనుకోకండి, ఆ స్నాప్‌షాట్ అవతలికి చేరడానికి పట్టే టైమ్ కూడా కలపాలి. చేరడానికే 12 నిమిషాలు పడితే, అది పూర్తయ్యే ముందు ప్రైమరీ పోయినప్పుడు 27 నిమిషాల డేటా పోతుంది.

కాబట్టి స్టోరేజ్ దగ్గరే రైట్లు కొలవండి, నిమిషానికో ఐదు నిమిషాలకో ఒక రీడింగ్ చొప్పున, నెలాఖరు తప్పకుండా కలిసేలా. గంట సగటు తీసుకుంటే పీకులు అందులో కరిగిపోతాయి. లింక్ కంప్రెషన్ ఎంతో తగ్గిస్తుందని వెండర్ చెప్పే నిష్పత్తిని లెక్కలో వేసుకునే ముందు మీ డేటాతో పరీక్షించండి, అప్లికేషన్ స్థాయిలోనే ఎన్‌క్రిప్ట్ అయిన డేటా దాదాపు కంప్రెస్ కాదు. ఎన్‌క్రిప్షన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, బాక్స్ లోపల డిస్కులకున్న ఎన్‌క్రిప్షన్ లింక్ మీద వెళ్లే డేటాను కాపాడదు, దానికి ఐపీసెక్ లాంటిది విడిగా పెట్టుకోవాలి.

మొదటి కాపీ సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. 20 టీబీని 1 జీబీపీఎస్ లింక్ మీద పంపితే ఒక్క బిట్ వృథా పోకపోయినా 44 గంటలకు పైన పడుతుంది, మీ 100 ఎంబీపీఎస్ మీద అయితే పద్దెనిమిది రోజులు దాటుతుంది. వీలైతే డీఆర్ బాక్స్‌ను ముందు ప్రైమరీ పక్కనే పెట్టి మొదటి కాపీ అక్కడే చేసి, పెయిర్ సస్పెండ్ చేసి, అప్పుడు దాన్ని డీఆర్‌కు తరలించండి. ఈలోపు మారిన ట్రాకులను (డిస్క్ ముక్కలను) బిట్‌మ్యాప్ అనే పట్టిక గుర్తుపెట్టుకుంటుంది, అవి మాత్రమే లింక్ మీద వెళ్తాయి.

ప్రశ్న: 100 కి.మీ. దూరానికి 8 జీబీపీఎస్ ఫైబర్ ఛానెల్ లింక్ తీసుకున్నాం. ఎర్రర్లు ఏమీ లేవు, పాత్‌లన్నీ ఆన్‌లైన్, కానీ సెకనుకు 80 ఎంబీ దాటడం లేదు. ఎక్కడ చూడాలి?

స్విచ్ పోర్టుల్లో బఫర్ క్రెడిట్లు చూడండి. ఫైబర్ ఛానెల్‌లో అవతలి పోర్టు ఇచ్చిన క్రెడిట్లు (ఇంకా ఎన్ని ఫ్రేములు, అంటే డేటా పొట్లాలు, పంపొచ్చో చెప్పే లెక్క) అయిపోతే ఇవతలి పోర్టు ఆగిపోతుంది, ఎర్రర్ ఏమీ పడదు, ఊరికే నిలబడి ఉంటుంది. 8 జీబీపీఎస్ దగ్గర పూర్తి సైజు ఫ్రేములకు కి.మీ.కు సుమారు 4 క్రెడిట్లు కావాలి, అంటే మీకు 400. ఫ్రేములు సగం సైజువైతే 800. పోర్టుకు మామూలుగా వచ్చే క్రెడిట్లు డేటా సెంటర్ లోపలి దూరాలకు సరిపడేవి. మీకు వస్తున్న వేగాన్ని బట్టి చూస్తే 40 దగ్గర ఉన్నట్టుంది. లాంగ్ డిస్టెన్స్ మోడ్ పెట్టి రెండు వైపులా పెంచండి, దీనికి లైసెన్స్ అడిగే స్విచ్‌లు కూడా ఉన్నాయి. 16 జీబీపీఎస్‌కు మారితే క్రెడిట్లు కూడా రెట్టింపు కావాలని గుర్తుంచుకోండి.

ఐపీ మీద నడిపేవాళ్లకు ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది, అక్కడ టీసీపీ విండో (అందినట్టు జవాబు రాకముందే పంపగలిగే డేటా) చూసుకోవాలి. 1 జీబీపీఎస్ లింక్, పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు అయితే దారిలో ఒకేసారి 1.25 ఎంబీ ఉండాలి. విండో 64 కేబీ దగ్గర ఆగిపోతే ఒక్కో కనెక్షన్‌కు సెకనుకు ఆరున్నర ఎంబీ కంటే రాదు. జంబో ఫ్రేములు (మామూలు కంటే పెద్ద ప్యాకెట్లు) పెడితే దారిలో ఉన్న ప్రతి స్విచ్, రూటర్ మీదా పెట్టాలి. మధ్యలో ఒక్కటి మిస్సయితే చిన్న ప్యాకెట్లతో పింగ్ బాగానే వెళ్తుంది, కాపీ మాత్రం కదలదు.

ప్రశ్న: డీఆర్ డ్రిల్‌లో అన్ని లన్‌లూ (సర్వర్‌కు డిస్కుల్లా కనపడే స్టోరేజ్ భాగాలు) "పెయిర్" అనే చూపించాయి. స్ప్లిట్ చేసి (రెప్లికేషన్ ఆపి, కాపీని విడదీసి) సర్వర్‌కు ఇచ్చాం, డేటాబేస్ మాత్రం తెరుచుకోలేదు. డేటా లన్‌లు ఒక గ్రూపులో, లాగ్ లన్‌లు ఇంకో గ్రూపులో ఉన్నాయి. వెండర్ "మా వైపు అంతా ఓకే" అని టికెట్ మూసేశాడు.

వెండర్ చెప్పింది అతని వరకు నిజమే. పెయిర్ అనే స్టేటస్ ఆ ఒక్క లన్ గురించి మాత్రమే చెబుతుంది, పక్క లన్‌తో పొంతన ఉందో లేదో చెప్పదు. నాకు వచ్చే ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే, ఎందుకంటే లక్షలు పోసి కట్టిన ఏర్పాటు ఇంత చిన్న కారణానికి అవసరమైన రోజున పనికిరాకుండా పోతుంది.

డేటాబేస్ ఎప్పుడూ మార్పును ముందు లాగ్‌లో రాస్తుంది, ఆ రాత పడిందని తెలిశాకే డేటా ఫైల్‌లో రాస్తుంది. కరెంట్ పోయి సర్వర్ ఆగిపోయినా మళ్లీ లేవగలగడం ఈ వరుస మీదే ఆధారపడి ఉంది. అవతలి కాపీలో కూడా అదే వరుస నిలవాలి. మీరు రెండు గ్రూపులు పెట్టారు కాబట్టి లాగ్ గ్రూపు 10:03 దగ్గర ఆగితే డేటా గ్రూపు 10:05 దగ్గర ఆగి ఉండొచ్చు. అప్పుడు లాగ్‌లో లేని మార్పు డేటా ఫైల్‌లో ఉంటుంది, డేటాబేస్ దాన్ని ఒప్పుకోదు. విడివిడిగా చూస్తే రెండు కాపీల్లోనూ ఒక్క బైటు కూడా తప్పు లేదు.

దీనికి మందు కన్సిస్టెన్సీ గ్రూపు. డేటా, లాగ్, కంట్రోల్ ఫైల్ అన్నీ ఒకే గ్రూపులో పెడితే అందులో ఏ ఒక్క లన్ రెప్లికేషన్ ఆగినా మొత్తం గ్రూపు ఒకే క్షణం దగ్గర ఆగుతుంది. సింక్‌లో ఉన్నవాళ్లు కూడా ఇది అక్కర్లేదనుకోకండి. ప్రమాదం ఒక్కసారిగా జరగదు, ముందు ఒక లింక్ పోతుంది, కాసేపటికి ఇంకొకటి పోతుంది, ఆ మధ్యలో కొన్ని లన్‌లు వెళ్తూ కొన్ని ఆగిపోయి ఉంటాయి. ఆర్డర్లు, చెల్లింపులు, వాటి మధ్య మెసేజ్ క్యూ వేరే వేరే సర్వర్ల మీద ఉన్నా అవి ఒకదాన్నొకటి నమ్ముకుని నడిచేవైతే వాటినీ ఒకే గ్రూపు కిందకు తేవాలి.

మీ కేసులో ఇంకొకటి కూడా చూడండి: ఈ మధ్య చోటు చాలక ఎవరైనా కొత్త లన్ కలిపారా? డిస్క్ గ్రూపులోకో వాల్యూమ్ గ్రూపులోకో లన్ కలిపి దాన్ని రెప్లికేషన్‌లో చేర్చడం మర్చిపోతే, డీఆర్‌లో ఒక డిస్క్ తక్కువై గ్రూపు మొత్తం మౌంట్ కాదు. లన్ ఇచ్చే చేంజ్ ఫారంలోనే "రెప్లికేషన్‌లో చేర్చారా" అనే గడి పెట్టించండి.

డ్రిల్ చేసే పద్ధతి కూడా మార్చండి. స్ప్లిట్ చేసి డ్రిల్ చేస్తే ఆ గంటలన్నీ మీకు డీఆర్ లేనట్టే. దాని బదులు టార్గెట్ వైపు గ్రూపు మొత్తానికి ఒకేసారి స్నాప్‌షాట్ తీసి, ఆ స్నాప్‌షాట్‌ను టెస్ట్ సర్వర్‌కు ఇవ్వండి, రెప్లికేషన్ దాని మానాన అది నడుస్తూ ఉంటుంది. అసలు లన్, దాని స్నాప్‌షాట్ రెండూ ఒకే సర్వర్‌కు కనపడకుండా చూసుకోండి, రెండిటికీ ఒకే గుర్తింపు ఉంటుంది కాబట్టి వాల్యూమ్ మేనేజర్ తికమక పడుతుంది. తప్పనిసరైతే లినక్స్‌లో వీజీఇంపోర్ట్‌క్లోన్, వీఎంవేర్‌లో రీసిగ్నేచర్ వాడాలి. టెస్ట్ సర్వర్‌ను విడి నెట్‌వర్క్‌లో పెట్టండి, లేదంటే అందులో లేచిన అప్లికేషన్ నిజమైన కస్టమర్లకు మెసేజ్‌లు పంపేస్తుంది. డేటాబేస్ తెరుచుకోవడంతో ఆపకుండా అప్లికేషన్ వాళ్లను పిలిచి, ఆఖరి లావాదేవీ ఎన్ని గంటలదో చూసి రాసుకోమనండి, మీ అసలు ఆర్పీఓ అదే.

ప్రశ్న: రెప్లికేషన్ వచ్చేసింది కదా, బ్యాకప్ ఖర్చు తగ్గించుకోవచ్చా?

వద్దు. ఎవరో టేబుల్ డిలీట్ చేస్తే ఆ డిలీట్ కూడా అవతలికి వెళ్తుంది, ర్యాన్‌సమ్‌వేర్ ఇక్కడ ఎన్‌క్రిప్ట్ చేసింది అక్కడా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. బ్యాకప్ అలాగే ఉంచి, రెండు బాక్సుల మీదా మార్చడానికి వీల్లేని స్నాప్‌షాట్లు పెట్టే వీలుంటే అవి కూడా పెట్టండి.

ప్రశ్న: ప్రైమరీలో పవర్ పోయి రెండు రోజులుగా డీఆర్ నుంచే నడుస్తున్నాం. ఇప్పుడు ప్రైమరీ బాగైంది. వెనక్కి వెళ్లాలంటే చేతులు వణుకుతున్నాయి, దేంతో మొదలుపెట్టాలి?

పాత ప్రైమరీ మీద స్నాప్‌షాట్ తీయడంతో మొదలుపెట్టండి. మీది అసింక్ అయితే పవర్ పోయే ముందు రాసి డీఆర్‌కు చేరని చివరి లావాదేవీలు ఆ బాక్స్‌లో మాత్రమే ఉన్నాయి, రివర్స్ సింక్ (డీఆర్ నుంచి ప్రైమరీకి కాపీ) మొదలవగానే అవి చెరిగిపోతాయి. స్నాప్‌షాట్ ఉంటే వాటిని తర్వాత తీరిగ్గా చదివి, ఎవరి చెల్లింపు పోయిందో చూసి, చేత్తో ఎక్కించుకోవచ్చు. లింక్ తెగి మళ్లీ కలిసిన మామూలు రోజుల్లో కూడా రీసింక్‌కు ముందు టార్గెట్ వైపు ఒక స్నాప్‌షాట్ ఉండాలి. రీసింక్‌లో ట్రాకులు రాసిన వరుసలో వెళ్లవు, బిట్‌మ్యాప్ వరుసలో వెళ్తాయి, అది ముగిసేదాకా టార్గెట్ దేనికీ పనికిరాదు, ఆ మధ్యలో సోర్స్ పోతే మీ దగ్గర మిగిలేది ఆ స్నాప్‌షాట్ ఒక్కటే.

తర్వాత దిశ. ఎస్‌ఆర్‌డీఎఫ్‌లో ఎస్టాబ్లిష్ అంటే ఆర్1 (ప్రైమరీ వైపు) నుంచి ఆర్2కి (డీఆర్ వైపుకు), రిస్టోర్ అంటే ఆర్2 నుంచి ఆర్1కి. మీరు ఇప్పుడు ఆర్2 మీద నడుస్తున్నారు, కాబట్టి అలవాటుకొద్దీ ఎస్టాబ్లిష్ కొడితే రెండు రోజుల పని మీద పాత డేటా పడుతుంది. ఐబీఎంలో, హిటాచీలో కమాండ్ ఏ వైపు నుంచి ఇస్తున్నారు, ఏ ఆప్షన్‌తో ఇస్తున్నారు అన్నదాన్ని బట్టి దిశ మారుతుంది. కమాండ్ ఒకరు టైప్ చేసి, ఎంటర్ కొట్టకుండా ఆగి, సీరియల్ నంబర్లు ఇంకొకరు బయటికి చదవాలి. కాపీ వెళ్లే దిశ, చెల్లని ట్రాకులు ఏ వైపు ఎన్ని ఉన్నాయో చూసి, ఇద్దరూ ఒప్పుకున్నాకే ఎంటర్. అవతలి నుంచి ఇవతలికి పాత్‌లు కూడా ముందే ఉండాలి. మొదట్లో ఒక వైపే కట్టి వదిలేసినవాళ్లకు ఈ సంగతి ఈ రోజే తెలుస్తుంది.

రివర్స్ కాపీ జరుగుతున్నప్పుడు అప్లికేషన్ ఆపక్కర్లేదు, డీఆర్‌లో నడవనివ్వండి. అంతా కలిశాక కనీసం ఒక పూర్తి పనిరోజు అలాగే ఉంచి, బాగైన ప్రైమరీ నిజంగా నిలకడగా ఉందో లేదో చూడండి. ఆ తర్వాత ముందే చెప్పిన డౌన్‌టైమ్‌లో అప్లికేషన్ ఆపి, డేటాబేస్ మూసి, ఫైల్ సిస్టమ్ అన్‌మౌంట్ చేసి, పెండింగ్ సున్నా అయ్యాక స్వాప్ చేయండి, అంటే రెండు వైపుల పాత్రలు మార్చండి. ప్రైమరీలో డేటాబేస్ తెరిచి, డీఆర్‌లో చూసిన ఆఖరి లావాదేవీ నంబరే ఇక్కడా కనబడిందని అప్లికేషన్ వాళ్లు చెప్పాకే యూజర్లను లోపలికి రానివ్వండి.